మామిడి నరికి రాస్ప్‌బెర్రీ పెట్టమనే వారికి

మామిడి ధర పడిపోయిన ఏడాది చిత్తూరు జిల్లాలో కాయలతో పోటీపడి రాలేవి సలహాలు. కోత కూలి ఎంతో, మందుల ఖర్చు ఎంతో తెలియని వారు కూడా ముందుగా చెప్పే మాట ఒకటే: పంట మార్చండి. ఒక ఏడాది డ్రాగన్ ఫ్రూట్ అన్నారు, తరువాత అవకాడో అన్నారు, మధ్యలో శ్రీగంధం వచ్చి వెళ్లింది. ఇప్పుడు వంతు రాస్ప్‌బెర్రీది. ఎర్రటి పండ్లు గుప్పెట్లో పట్టుకుని నవ్వుతున్న మనిషి, వెనుక పచ్చటి వరుసలు, ఎకరాకు లక్షల్లో ఆదాయం అనే అక్షరాలు, చివర మొక్కలు అమ్మే వారి ఫోను నంబరు. ఇలాంటి వీడియోలు నాకు ఎన్ని వచ్చినా, పండు కొనే వారి నంబరు మాత్రం ఒక్కదానిలోనూ కనిపించలేదు.

మాకు పాకాల వైపు తోతాపురి మామిడి తోట ఉంది. చిన్నాన్న సాగు చేస్తారు, నేను తిరుపతిలో ఉంటూ లెక్కలు చూస్తాను. ఆ వీడియోల్లో ఒకటి ఆయన దాకా చేరింది. ఫోను చేసి రెండే ప్రశ్నలు అడిగారు: "అది మన నేలలో వస్తుందా నాయనా? వస్తే కొనేదెవరు?" వీడియో తీసిన వారికి లేని వివేకం ఆ రెండో ప్రశ్నలో ఉంది. అందుకే నేను కూడా కొంచెం కూర్చుని చదివాను.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. రాదు. రాస్ప్‌బెర్రీ చలి దేశపు మొక్క. ఎక్కువగా సాగులో ఉన్న వేసవి కాపు రకాలలో ఈ ఏడాది పెరిగిన కొమ్మ వచ్చే ఏడాది కాస్తుంది. మధ్యలో అది నిద్రపోవాలి, ఆ నిద్రకు 7 డిగ్రీల కన్నా చల్లటి గంటలు సుమారుగా 800 కావాలి, కొన్ని రకాలకు ఇంకా ఎక్కువ. పెరిగిన ఏడాదే కాసే రకాలూ ఉన్నాయి, వాటికి అంత చలి అక్కరలేదు. కానీ కాపు సమయంలో ఎండ 30 డిగ్రీలు దాటి ముదిరితే వాటికీ ఇబ్బందే. పండులోని చిన్న చిన్న గింజపూసలు తెల్లబడిపోతాయి, పండు మెత్తబడి చేతిలో విడిపోతుంది. మన మే నెల సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. పాత చిత్తూరు జిల్లాలో చల్లటి చోటు అంటే హార్స్‌లీ హిల్స్, సుమారు 1,260 మీటర్ల ఎత్తు. అక్కడ కూడా డిసెంబరు రాత్రి స్వెటరు వేసుకుంటాం తప్ప మొక్క నిద్రపోయేంత చలి నెలల తరబడి ఉండదు. నీలగిరుల్లాంటి చోట్ల కొండవాలు మీద దానంతట అదే పెరిగే మైసూరు రాస్ప్‌బెర్రీ అనే నల్లటి పండు ఒకటి ఉంది. దానికి చలి అంతగా అక్కరలేదు కానీ వీడియోలో చూపించేది అది కాదు, ప్రపంచ వ్యాపారం నడిచేది దాని మీద కాదు.

రెండో ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రాస్ప్‌బెర్రీ ఎక్కడ బాగా పండుతుందో అక్కడి రైతు ఎలా ఉన్నాడని వెతికితే, మన బంగారుపాళ్యం మామిడి మార్కెట్టే కనిపించింది.

సెర్బియా పశ్చిమ భాగంలో అరిల్యే, ఇవాన్యిత్సా అనే ఊళ్లున్నాయి. గడ్డకట్టించిన రాస్ప్‌బెర్రీని ప్రపంచానికి పంపే దేశాల్లో సెర్బియా ముందు వరుసలో ఉంటుంది, ఆ పేరుకు ఈ కొండవాలు ఊళ్లే ఆధారం. కమతాలు చిన్నవి. అర హెక్టారు, ఒక హెక్టారు, ఇంటిల్లిపాదీ పని. దశాబ్దాలుగా అక్కడ ప్రధానంగా వేసేది విల్లమెట్ అనే ఒకే రకం. అది అక్కడి రకం కూడా కాదు, అమెరికాలోని ఓరెగన్‌లో రూపొంది 1943లో విడుదలైంది. ముదురు ఎరుపు, గట్టి పండు, పులుపు ఎక్కువ, గడ్డకట్టించడానికి అనువైనది. అంటే ఆ రకాన్ని గెలిపించింది తినే వాడి నాలుక కాదు, ఫ్యాక్టరీ అవసరం. మన తోతాపురిని గెలిపించింది కూడా అదే. ఇంట్లో తినడానికి మనం బేనీషా దాచుకుంటాం, ఖాదర్ దాచుకుంటాం. తోతాపురిని కోసిన రోజే ట్రాక్టరుకెత్తి గుజ్జు ఫ్యాక్టరీకి పంపేస్తాం.

జూన్, జూలై వచ్చిందంటే అక్కడ కోతలు. పండు ఒక్కసారిగా పండదు, అందుకని అదే వరుసలోకి రెండు మూడు రోజులకు ఒకసారి చొప్పున వారాల పాటు వెళ్లాలి. వేళ్లతో మెల్లగా లాగితే గుజ్జు భాగం మాత్రమే ఊడి వస్తుంది, లోపలి బొడిపె మొక్కకే ఉండిపోతుంది. అందుకే రాస్ప్‌బెర్రీ లోపల బోలుగా ఉంటుంది, అందుకే అంత తొందరగా నలిగిపోతుంది. ఎండలో పెడితే సాయంత్రానికే రసం కారుతుంది. చల్లగా ఉంచినా కొద్ది రోజులే. కాబట్టి కోసిన నాడే శీతల గిడ్డంగికి చేరాలి. అక్కడ చల్లటి గాలి సొరంగంలో పండు పండుగా గడ్డకట్టించి, చెక్కుచెదరని పండును ఒక తరగతి కింద, విరిగిన దానిని మరో తరగతి కింద, పొడిపొడి అయిన దానిని ఇంకో తరగతి కింద వేరు చేసి, సున్నాకు 18 డిగ్రీల దిగువన నిల్వ చేస్తారు. అందులో ఎక్కువ భాగం జర్మనీ, ఫ్రాన్సు వంటి దేశాలకు వెళుతుంది. ఐస్‌క్రీము, జాము, పెరుగు తయారీకి.

ఇంతవరకు తోటపని సంగతి. డబ్బు సంగతి చూడండి. అక్కడ రైతు పండు అప్పగించేటప్పుడు చాలాసార్లు అసలు ధర తెలియదు. గిడ్డంగి వారు ముందుగా కొంత బయానా ధర ఇస్తారు. తుది ధర తరువాత, సరుకు అమ్ముడయ్యాక. గిడ్డంగుల యజమానులు కలిసికట్టుగా ధర తొక్కుతున్నారని రైతులు, విదేశీ కొనుగోలుదారులే ధర ఇవ్వడం లేదని గిడ్డంగుల వారు. రోడ్లు దిగ్బంధించడం, ప్రభుత్వం సమావేశం పెట్టడం, ఏదో ఒక అంకె ప్రకటించడం. 2022లో ధర బ్రహ్మాండంగా పెరిగింది. గిడ్డంగుల వారు ఎగబడి కొన్నారు. ఆ సరుకు పూర్తిగా కదలలేదు, 2023లో కొత్త పంట వచ్చేసరికి పాత నిల్వలు ఇంకా గిడ్డంగుల్లోనే ఉన్నాయి. ధర కూలిపోయింది. ఊరి పేరు, పండు పేరు తీసేసి ఈ కథను దామలచెరువు మండీలో ఎవరికైనా చదివి వినిపిస్తే, ఏ ఏడాది సంగతి చెబుతున్నారని మాత్రమే అడుగుతారు.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది. మన ఇబ్బందికి మూలం తోతాపురి కాదు. కాయ ఎక్కువ రోజులు ఆగదు, దాని నుంచి తీసిన సరుకు ఆగగలదు. ఆగగలిగే సరుకు ఎవరి పేరు మీద ఉంటుందో ధర చెప్పేది వారే. మనం ఏ పంటకు మారినా, ఫ్యాక్టరీ గేటు బయటే మన పని ముగిసిపోతున్నంత కాలం అదే వరుసలో నిలబడతాం.

మామిడి విషయంలో ఆ ఆగడం ఎలా జరుగుతుందో చెప్పాలి. ఇక్కడి రైతుల్లోనే చాలామంది గుజ్జు పరిశ్రమ లోపలికి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. మన అనుభవం అంతా కాయ కొనే ర్యాంపు దగ్గర తూకం వరకే. లోపల జరిగేది ఇది. వచ్చిన కాయ పచ్చిది, దాన్ని గోదాములో ఇథిలీన్ వాయువుతో కొద్ది రోజులు మాగబెడతారు. కార్బైడు నిషిద్ధం. మాగిన పండ్లను కడిగి, కుళ్లినవి తీసేసి, మచ్చలు కోసేసి, ఆవిరి పట్టించి, టెంక వేరు చేసి, గుజ్జును జల్లెడల గుండా పంపుతారు. ఆ గుజ్జును క్షణాల్లో బాగా వేడి చేసి, వెంటనే చల్లార్చి, గాలి తగలకుండా సూక్ష్మజీవులు లేని సంచిలోకి నింపి, సంచిని ఇనుప డ్రమ్ములో పెట్టి మూత బిగిస్తారు. చక్కెర కలపరు, నిల్వ మందు కలపరు. ఒక్కో డ్రమ్ములో 215 కిలోల గుజ్జు. అది మామూలు గోదాములో, మామూలు వేడిలో ఏడాదిన్నర వరకు, ఇంకా జాగ్రత్తగా ఉంచితే రెండేళ్ల వరకు చెడిపోకుండా ఉంటుంది.

రాస్ప్‌బెర్రీకి, మనకు ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. ఈ తేడా మనకు అనుకూలమైనది. సెర్బియాలో గడ్డకట్టించిన పండును ఆపాలంటే రాత్రీ పగలూ కరెంటు ఉండాలి, యంత్రాలు తిరగాలి, నెలనెలా బిల్లు కట్టాలి. ఎక్కువసేపు ఆగిపోతే సరుకు పాడవుతుంది. మన డ్రమ్ముకు పైకప్పు, నీడ ఉంటే సరిపోతుంది. నిల్వ ఉంచడం అంత తేలికైన సరుకు మన దగ్గర పుడుతున్నా, దాన్ని నిల్వ ఉంచుకున్న రైతు ఈ జిల్లాలో నాకు ఒక్కరూ తెలియదు.

2025 వేసవిని ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. పంట విపరీతంగా వచ్చింది. పరిశ్రమల దగ్గర అంతకుముందు ఏళ్ల గుజ్జు అమ్ముడుపోకుండా ఉంది. తోతాపురి కిలో ఐదారు రూపాయలకు, కొన్ని చోట్ల అంతకన్నా దిగువకు పడిపోయింది. గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి, టోకెన్ల కోసం గొడవలు జరిగాయి, కొందరు కాయను రోడ్డు పక్కనే పారబోశారు. ప్రభుత్వం కిలోకు రూ.12 అని ప్రకటించింది. పరిశ్రమలు రూ.8 ఇవ్వాలి, ప్రభుత్వం రూ.4 ఇస్తుందన్నది ఏర్పాటు. జూలైలో కేంద్రం కూడా మార్కెట్ జోక్యం పథకం కింద 1.62 లక్షల టన్నులకు, క్వింటాలుకు రూ.1,490.73 ధరను ఆమోదించింది. ఆ 73 పైసలు చూసి మా చిన్నాన్న చాలా రోజులకు మనసారా నవ్వారు. ఆయన కాయ తోలిన పరిశ్రమ తూకం చీటీ ఇచ్చింది కానీ అందులో ధర గడి ఖాళీగా ఉంది. "మిగతా వాళ్లు ఎంత ఇస్తే అంత" అన్నారట. సెర్బియా వారి తుది ధర పద్ధతి ఇక్కడికి రావడానికి విమానం ఎక్కనక్కరలేదు.

రూ.4 వద్దని అనను. ఆ ఏడాది ఆ డబ్బు లేకపోతే కోత కూలి కూడా చేతి నుంచి పడేది. కానీ ఆ ఏర్పాటు అంతా రైతు కోసిన రోజే అమ్ముకోవాల్సిన పరిస్థితిని ముట్టుకోలేదు. పరిశ్రమ ఇవ్వాల్సిన రూ.8ని ఒక ప్రకటనతో రాబట్టవచ్చని నమ్మడం దగ్గరే అది బలహీనపడింది. ధర ఒప్పుకోకపోతే సరుకు వెనక్కి తీసుకెళ్లగలిగిన వాడికే ప్రకటన పనికొస్తుంది. కోసిన తోతాపురి వారం, పది రోజుల్లో మాగి మెత్తబడుతుంది. ట్రాక్టరు మీద ఎండలో ఉంటే ఇంకా ముందే. అలాంటి సరుకుతో బేరమాడడం ఎవరికి సాధ్యం?

అదే జూన్‌లో ఇంకొకటి జరిగింది. కర్ణాటక కాయ ఇక్కడికి వచ్చి ధర పాడుచేస్తోందని చిత్తూరు జిల్లా అధికారులు 7వ తేదీన దాని రాకను ఆపేశారు. కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతులు మండిపడ్డారు, కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. అమెరికాలో వాషింగ్టన్, ఓరెగన్ రాష్ట్రాల రాస్ప్‌బెర్రీ వారూ ఒకప్పుడు ఇలాగే చిలీ పండు చౌకగా వచ్చి పడుతోందని ఫిర్యాదు చేశారు. 2002లో అక్కడి ప్రభుత్వం చిలీ నుంచి వచ్చే గడ్డకట్టిన పండుపై అదనపు సుంకం వేసింది. పక్క రైతును గేటు దగ్గర ఆపడం అన్ని దేశాల్లోనూ సులువైన పని. కోలారు జిల్లా రైతు, చిత్తూరు జిల్లా రైతు ఒకే పరిశ్రమల వైపు చూస్తున్నారు. ఇద్దరి కాయా ఒకే వారంలో కోతకొస్తుంది. వారి లారీని ఆపినందువల్ల నా కాయ మరో నాలుగు రోజులు గట్టిగా ఉండదు.

"అందరూ తోతాపురే ఎందుకు పెట్టారు, అత్యాశ కాదా?" అని అడిగే వారికి ఒక మాట. అది అత్యాశతో జరిగింది కాదు. ఇక్కడి మెట్ట భూముల్లో వేరుశనగ వానను నమ్ముకుని ఏళ్ల తరబడి దెబ్బతింది. మామిడి ఒకసారి నిలదొక్కుకుంటే కరవును ఓర్చుకుంటుంది. మామిడిలోనూ బేనీషా, ఖాదర్ ఒక ఏడాది కాసి మరుసటి ఏడాది ముఖం చాటేస్తాయి. తోతాపురి ఇంచుమించు ఏటా కాస్తుంది, కాయ గట్టిది, దూరం ప్రయాణిస్తుంది. పక్కనే ఫ్యాక్టరీలు. దేశంలో మామిడి గుజ్జు పరిశ్రమలు ప్రధానంగా గుమికూడింది చిత్తూరు, తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాల్లోనే. ప్రభుత్వం మొక్కలకు, బిందుసేద్యానికి రాయితీలు ఇచ్చింది. 2011 ప్రాంతంలో ఒక పెద్ద శీతల పానీయాల సంస్థ, ఒక బిందుసేద్య సంస్థ కలిసి ఇదే జిల్లాలో తోతాపురిని ఎకరాకు 600కు పైగా మొక్కలతో దగ్గరదగ్గరగా పెట్టే పద్ధతిని ప్రచారం చేశాయి. పాత తోటల్లో ఎకరాకు 40 చెట్లు. ఇన్ని వైపుల నుంచి తోతాపురి పెట్టమని చెప్పి, పెట్టాక ఎందుకు పెట్టావని అడగడం న్యాయం కాదు.

పరిశ్రమల వారి మాట కూడా వినాలి. వాళ్లు సరదాకి నిల్వ ఉంచుకోలేదు. మన గుజ్జుకు సౌదీ, యెమెన్ వంటి పశ్చిమాసియా దేశాలు, యూరప్‌లో నెదర్లాండ్స్ పెద్ద గిరాకీదార్లు. 2023 చివర నుంచి ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు మొదలై రవాణా ఖర్చు పెరిగింది, సరుకు నిలిచింది. కాయ కొనడానికి తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం నిలవలేదు. చిన్న పరిశ్రమలు చాలావరకు తమ సొంతానికి కాక పెద్ద సంస్థలకు కూలికి గుజ్జు తీసి ఇస్తూ బతుకుతాయి. ఆ మాట గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

ఈ గొలుసు చివర ఉన్న సీసా సంగతి కూడా చూద్దాం. మన దేశపు ఆహార నిబంధనల ప్రకారం మామిడి పానీయం అని అమ్మే దానిలో పండు కనీసం 10 శాతం ఉంటే చాలు. లీటరుకు 100 గ్రాముల గుజ్జు. తోతాపురిలో టెంక, తొక్క పోగా గుజ్జు సగం నుంచి 60 శాతం వరకు వస్తుంది కాబట్టి, లీటరు పానీయానికి 200 గ్రాముల కాయ వేసుకుందాం. కిలో రూ.8 అయితే రూపాయి 60 పైసలు. కిలో రూ.12 అయితే 2 రూపాయల 40 పైసలు. ఒక జిల్లా జిల్లానంతా రోడ్డెక్కించిన తేడా లీటరు సీసా మీద 80 పైసలు. 2025 సెప్టెంబరు 22 నుంచి పండ్ల రసంతో చేసే పానీయాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. సీసా మీద ఆ ఏడు శాతం ఎన్ని పైసలో మీరే లెక్కవేసుకోండి. ఆ తగ్గింపుకు బదులుగా పండు వాటాను 10 నుంచి 15కు పెంచమని అడిగి ఉంటే, అదే అమ్మకానికి కనీసం కావలసిన కాయ ఒకటిన్నర రెట్లు అయ్యేది. గోడ మీద మామిడిపండు బొమ్మ ఎంత పెద్దగా వేసినా అడ్డు చెప్పేవారు లేరు, సీసాలో పండు పెంచమంటే మాత్రం రుచి మారుతుందంటారు.

మరి రైతు ఏం చేయాలి? నా జవాబు కొత్తదేమీ కాదు. మన తాతలు వడ్లు మిల్లుకు తీసుకెళ్లి ఆడించుకుని బియ్యం ఇంటికి తెచ్చుకున్నట్టే కాయ తీసుకెళ్లి గుజ్జు తీయించుకుని డ్రమ్ములు మన పేరు మీద ఉంచుకోవడం. పెద్ద సంస్థలకు కూలికి తీసి ఇచ్చే పరిశ్రమ, రైతుల సంఘానికి ఎందుకు తీసి ఇవ్వకూడదు? టన్ను కాయకు సుమారు రెండున్నర డ్రమ్ములు. ఎకరాకు నాలుగు టన్నుల కాపు అనుకుంటే పది డ్రమ్ములు. విదేశానికి వెళ్లే ఇరవై అడుగుల కంటైనరులో 80 డ్రమ్ములు పడతాయి. అంటే ఎనిమిది ఎకరాల కాపు ఒక కంటైనరు. ఇది ఊహకందని పరిమాణం కాదు, మా ఊళ్లో ఒక వీధి. గంటకు ఐదు టన్నులు ఆడే యంత్రాల మీద ఎనిమిది గంటలు ఆడిస్తే పదెకరాల కాయ అయిపోతుంది.

దీనికి ఎదురు చెప్పగలిగిన వారు ఉన్నారు, వారి మాటలో బలం ఉంది. డ్రమ్ము ఆపినంత మాత్రాన ధర పెరుగుతుందని ఎవరు చెప్పారు? 2025 నాటికి ఆపినవారే కదా మునిగింది? నిజమే. అందుకే పంటంతా ఆపమని నేను అనడం లేదు. మూడో వంతు చాలు. కోత మొదలైన వారం ధర మరీ దిగజారితే, "ఈ ట్రాక్టరు మీకు కాదు, ఆడించుకోవడానికి" అని చెప్పగలిగితే మిగిలిన రెండు వంతులకు వచ్చే ధరలో తేడా ఉంటుంది. ఎంత తేడా అన్నది నేను ముందే చెప్పలేను. సున్నా మాత్రం కాదు.

ఇంకో అభ్యంతరం నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. సంఘం, సహకారం అనే మాటలు ఈ జిల్లాలో పలికితే పెద్దవాళ్లు చిరునవ్వు నవ్వుతారు. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. సహకార చక్కెర ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి, చెరకు బకాయిల కోసం తిరిగి తిరిగి చెప్పులు అరిగిన వారు మా బంధువుల్లోనే ఉన్నారు. అందుకే కొత్త ఫ్యాక్టరీ కట్టుకుందామనే ఆలోచనకు నేను వ్యతిరేకిని. ఫ్యాక్టరీ కడితే దానికి అప్పు, అప్పుకు అధ్యక్షుడు, అధ్యక్షుడికి ఎన్నిక. ఉన్న యంత్రాలు ఏడాదిలో రెండు మూడు నెలలే తిరుగుతున్నాయి. వాటిని అద్దెకు తీసుకునే సంఘానికి ఆస్తి అంటే డ్రమ్ములే. అవి లెక్కపెట్టడానికి వీలైనవి, ఏటా ఖాళీ అయ్యేవి. దాన్ని చిన్నగానే ఉంచితే దోచుకోవడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. కాయ అమ్మితే ఎప్పుడో ఒకప్పుడు చేతికి వస్తుంది. ఆడించుకుంటే ఎదురు డబ్బు పెట్టాలి. కోత కూలి, ఆడింపు ఖర్చు, సంచి, డ్రమ్ము, గోదాము అద్దె, బీమా. డిసెంబరులో పూత మందుకు మళ్లీ డబ్బు కావాలి. తేనెమంచు పురుగు, తామర పురుగు మన అమ్మకాల కోసం ఆగవు. గోదాములో సరుకు పెట్టి ఆ రసీదు మీద అప్పు తీసుకునే పద్ధతికి 2007లో చట్టమే వచ్చింది. ధాన్యం, పప్పులు పెట్టి అప్పు తీసుకోవడం చాలాచోట్ల చూస్తున్నాం. బస్తా మీద నమ్మకం ఉన్న బ్యాంకుకు ప్రయోగశాల పరీక్ష చీటీ అంటించిన, సీలు వేసిన, ఏడాదిన్నర చెడని డ్రమ్ము మీద నమ్మకం లేకపోవడానికి కారణం కనిపించదు. ప్రభుత్వం కిలోకు రూ.4 ఇచ్చిన చోట, అందులో కొంత ఆ అప్పు వడ్డీకి ముందే మళ్లిస్తే ఒక ఏడాది సాయం కాక ఒక అలవాటు మిగులుతుంది. నేను ప్రభుత్వాన్ని అడిగేది ఇదొక్కటే. రాస్ప్‌బెర్రీ మొక్కలకు రాయితీ మాత్రం దయచేసి ప్రకటించవద్దు.

చిన్నాన్న, మరికొందరు తోటల వాళ్లు, నేను కలిసి ఒక చిన్న గుజ్జు పరిశ్రమ వారితో మాట్లాడాం. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. కనీసం ఒక షిఫ్టుకు సరిపడా, అంటే 40 టన్నుల కాయ ఒకేసారి తేవాలన్నారు. మా కాయను వేరేగా మాగబెట్టి వేరేగా ఆడిస్తామన్నారు. తీపి తక్కువ వస్తే బాధ్యత తమది కాదన్నారు. అందుకు ఒప్పుకున్నాం. కాయ ముదిరాకే కోస్తాం, లేత కాయ తేము. అంతా కుదిరినట్టే అనిపించిన చోట చిన్నాన్న అడిగారు: "టెంకలు ఎవరివి?"

పరిశ్రమవే అన్నారు వాళ్లు. తొక్కు, టెంకా తామే పారేస్తామని, ఆ ఖర్చు తమదే కాబట్టి మాకు లాభమేనని వివరించారు. పారేసే మాట తొక్కు విషయంలో కొంత నిజం. గేటు బయట కుప్పలు, ఆ వాసన అందరికీ తెలుసు. టెంక సంగతి వేరు. లోపలి జీడి నుంచి తీసే కొవ్వును చాక్లెట్‌లో కొంతమేర వాడుకోవడానికి యూరప్ చట్టం అనుమతించిన ఆరు కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వు ఒకటి. టెంకలు కొనేవాళ్లు ఉన్నారు. మిల్లులో వడ్లు ఆడిస్తే తవుడు ఎవరికన్నది ముందే మాట్లాడుకునేవారని, కొన్ని చోట్ల తవుడు వదిలేస్తే ఆడింపు కూలే అడిగేవారు కాదని చిన్నాన్న గుర్తుచేశారు. అయితే టెంకలు మీరే ఉంచుకోండి, టన్నుకు ఆడింపు ధర తగ్గించండి అన్నారు. వాళ్లు యజమానిని అడిగి చెబుతామన్నారు. సంక్రాంతి తరువాత మళ్లీ రమ్మన్నారు. ఈలోగా 40 టన్నులకు ఎవరెవరి తోట నుంచి ఎంత అన్నది నేను రాస్తున్నాను. ఇంకా తొమ్మిది టన్నులు తక్కువ ఉంది.